గీత పక్కింటివాళ్ళు

మా బావకి గీత గీయడం చేతకాదు. చెయ్యి వణికి కాదు. పెన్సిలు పట్టుకుంటే ఆయన చెయ్యి ఇసుమంతైనా కదలదు. గీత గీశాక దానికి అవతల ఎవరో ఒకరు మిగిలిపోతారు కదా, ఆ మిగిలిపోయినవాళ్ళని ఆయన చూడలేడు. వెంటనే గీతని కాస్త అవతలికి జరుపుతాడు. జరిపిన గీతకి అవతల మళ్ళీ ఎవరో ఉంటారు. ఇక చూసుకోండి.

ఇలాంటి మనిషి ఏ బట్టల కొట్లోనో, పోస్టాఫీసులోనో పనిచేస్తే లోకానికి ఇబ్బంది లేదు. కానీ మా బావ ఉద్యోగమే గీత గీయడం.

ఆయన పనిచేసేది ఉరుముల కేంద్రంలో. అసలు పేరు చాలా పొడుగు, అందుకని మేమంతా అలాగే పిలుచుకుంటాం. ఖండం మొత్తం మీద ఎక్కడ పిడుగులు పడతాయో, ఎక్కడ వడగళ్ళు కురుస్తాయో, ఎక్కడ గాలి ఇళ్ళ పైకప్పులు లేపుకుపోతుందో ముందుగా చెప్పే ఆఫీసు అది. నేనూ అక్కడే, రాడారు ముందు కూర్చుంటాను. తెల్లవారగానే ఖండమంతటా బెలూన్లు ఎగరేస్తారు. పైన ఎంత చల్లగా ఉంది, కింద ఎంత ఉక్కగా ఉంది, గాలి ఎటు నుంచి ఎటు తిరుగుతోంది అన్నది అవి కబురు పంపుతాయి. ఆ అంకెలన్నీ చూసుకుని, పెద్ద బల్ల మీద పరిచిన ఖండం పటం మీద ఒక గీత గీయాలి. గీత లోపలున్న ఊళ్ళకి హెచ్చరిక వెళ్తుంది, బయటున్న ఊళ్ళకి వెళ్ళదు. చూడబోతే చిన్న పనే. మా బావకి మాత్రం అది రోజూ ప్రాణం మీదికి వచ్చేది.

ఇంట్లో కూడా ఇంతే. మా మేనకోడలి పుట్టినరోజుకి మా అక్క ముందే కట్టడి చేసింది.

"చూడండి, ఇటు రెండిళ్ళు, అటు రెండిళ్ళు. అంతకు మించి ఒక్కరిని పిలిచినా ఊరుకోను."

మా బావ బుద్ధిమంతుడిలా తలూపి బయల్దేరాడు. చాలాసేపటికి చొక్కా తడిసిపోయి తిరిగొచ్చాడు.

"అటూ ఇటూ రెండిళ్ళేనా?" అంది అక్క.

"రెండో ఇంట్లో చెప్పి వస్తుంటే మూడో ఇంటావిడ గేటు దగ్గర మొక్కలకి నీళ్ళు పోస్తోందే. మొహం మొహం చూసుకున్నాక ఎలా వచ్చేయను?"

"సరే, మూడు."

"ఆవిడతో నాలుగో ఇంటాయన మాట్లాడుతున్నాడు."

"ఏమండీ, వీధి చివరిదాకా వెళ్ళారా?"

"చివర ఆగాను."

"అమ్మయ్య."

"కానీ మలుపులో ఓ ఇల్లుందే. దాని వాకిలి మన వీధిలోకి, కిటికీలు పక్క వీధిలోకి. దాన్ని ఏ వీధి కింద లెక్కేస్తావు?"

ఆ సాయంత్రం మా అక్క కేకుని తపాలా బిళ్ళల సైజులో కోసింది. వచ్చినవాళ్ళలో సగం మంది ఎవరో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక పెద్దమనిషైతే కేకు తినేసి, చేతులు తుడుచుకుంటూ, "ఇంతకీ పుట్టినరోజు ఎవరిదండీ?" అని నన్నే అడిగాడు. ఆయన్ని ఎవరు పిలిచారని బావని అడిగితే, "నేను పిలవలేదురా. పక్కాయన్ని పిలుస్తుంటే చూస్తూ నిలబడ్డాడు. అందుకని ఆయన వైపు కూడా తిరిగి చెప్పాను" అన్నాడు.

ఆఫీసు లిఫ్టు కథ ఇంకా అన్యాయం. మా బావతో కలిసి లిఫ్టు ఎక్కినవాళ్ళు పై అంతస్తు చేరినట్టు దాఖలాలు లేవు. తలుపు మూసుకోబోతుంటే కాలు అడ్డం పెట్టి, "ఒక్క నిమిషం, ఎవరో వస్తున్నారు" అంటాడు. వచ్చేవాడు ఇంకా రోడ్డు దాటుతూ ఉంటాడు. వాడు లోపలికి వచ్చేసరికి వాడి వెనక ఇంకొకడు గేటు తెరుస్తుంటాడు. ఒకసారి అలా అందరం ఊపిరి బిగబట్టుకుని ఎదురుచూస్తే, వచ్చినవాడు లిఫ్టులోకి తొంగిచూసి, "నేను పైకి రాను బాబూ, పళ్ళ డాక్టరు ఎక్కడుంటాడో అడుగుదామని వచ్చాను" అన్నాడు. మా బావ లిఫ్టు దిగి వాడికి దారి చూపించి వచ్చాడు. ఆ తర్వాత ఆయన లిఫ్టులో కనిపిస్తే చాలు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా మెట్ల వైపు పరిగెత్తేవారు.

ఇంత మొహమాటస్థుడు ఖండం పటం ముందు నిలబడితే ఏమవుతుందో ఊహించుకోండి. పొద్దున్న గీత చక్కగా నిమ్మకాయంత మొదలయ్యేది. భోజనాల వేళకి గుమ్మడికాయంత అయ్యేది. ఇంకాసేపు వదిలేస్తే ఖండం ఎక్కడ ఆగిందో గీత అక్కడ ఆగేది. కొన్నిసార్లు అక్కడా ఆగేది కాదు.

మా పెద్దసారు సన్నగా, నిటారుగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండే మనిషి. జేబులో ఎప్పుడూ ఒక స్కేలు. ఎవరినీ కేకలేసి ఎరగరు, ఎవరికీ క్షమాపణ చెప్పీ ఎరగరు. నిన్నటి గీత లోపల ఎంత మేర ఉరిమింది, ఎంత మేర ఊరికే ఎండ కాసింది అని కొలిచి రోజూ మార్కులు వేస్తారు. మా బావ మార్కులు ఇక్కడ చెప్పడం బాగుండదు.

"ఏమండీ, ఈ మూల మీ గీత సముద్రంలోకి దిగింది. చేపలకి కూడా హెచ్చరికా?"

"పడవలుంటాయి కదండీ."

"ఇక్కడ కొండెక్కింది. కొండ మీద ఊళ్ళే లేవు."

"గొర్రెలు కాసుకునేవాళ్ళు ఉండొచ్చు కదండీ."

"మరి ఈ ముక్కేమిటి, ఇలా పొడుచుకొచ్చింది?"

మా బావ సిగ్గుపడ్డాడు. "అక్కడో రైల్వే స్టేషనుందండీ. ప్లాట్‌ఫారానికి పైకప్పు లేదు."

పెద్దసారు స్కేలు జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. "చూడండి. అందరికీ రోజూ హెచ్చరిక పంపితే ఇక ఎవడు వింటాడు? మీరు పిడుగులన్నారంటే జనం ధైర్యంగా గొడుగులు ఇంట్లో పెట్టి వెళ్తున్నారట. నిజంగా పిడుగు పడే రోజున ఏమైపోతారు వాళ్ళు?" అంటూ లేచి, పటం మీద తన అరచెయ్యి ఆనించారు. "రేపటినుంచి మీ గీత ఇంతే. వేళ్ళు కలిపి పెట్టిన అరచెయ్యి. వెంట్రుకవాసి దాటినా మిమ్మల్ని పాత కాగితాల గదికి పంపించేస్తాను."

పాత కాగితాల గది అంటే మా మేడ కింద, తాతల కాలంలో కురిసిన వానల లెక్కలు కట్టలు కట్టి పడేసిన గది. కిటికీ లేదు. అక్కడ కూర్చున్న మనిషికి బయట వాన పడుతోందో లేదో ఇంటికెళ్ళాకే తెలుస్తుంది.

ఆ సాయంత్రం నేను అక్క వాళ్ళింటికి వెళ్ళేసరికి మా బావ పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు, తినడం లేదు.

"ఏమైందిరా మీ బావకి?" అంది అక్క నాతో.

నేను సంగతి చెప్పాను. అక్క నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"పొద్దున్నే ఆ పటం మీద ఖండమంతా పరుచుకుని ఉంటుందే. అది చూడకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు" అన్నాడు బావ. ఎన్నడూ ఆయన్ని అలా చూడని నాకు బాధేసింది.

"పోనీ, చిన్నగా గీయండి. ఏం పోయింది?"

"అవతలవాళ్ళ సంగతేమిటే?"

"వాళ్ళేమీ అనుకోరు. అసలు మీరొకరున్నారని కూడా వాళ్ళకి తెలీదు. ముందు అన్నం తినండి."

మర్నాడు పొద్దున బెలూన్ల కబుర్లు చూడగానే గదిలో అందరం సర్దుకుని కూర్చున్నాం. కింద ఉక్క, పైన చలి, మధ్యలో మెలితిరుగుతున్న గాలి. మబ్బు పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? మా బావ పెన్సిలు చెక్కుకుని గీత గీశాడు. పక్కనే పెద్దసారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గీత పూర్తయ్యాక ఆయన అరచెయ్యి ఆనించి చూశారు. సరిగ్గా సరిపోయింది. "చూశారా, వస్తుంది" అని, ఎన్నడూ లేనిది మా బావ భుజం తట్టి తన గదిలోకి వెళ్ళిపోయారు.

మా బావ ఆ గీత వైపు చూస్తూ నిలబడ్డాడు. గుమ్మం బయట చంటిపిల్లని మరిచిపోయి తలుపేసుకున్నవాడిలా ఉంది ఆయన మొహం. కాసేపు చెవి గోక్కున్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని, బల్ల మీదున్న ఫోను దగ్గరికి జరుపుకున్నాడు.

"హలో, ధాన్యం గోడౌనాండీ? వాతావరణం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానండీ. ఈ పూట మీకు హెచ్చరిక లేదు."

అవతలి గొంతు నాకు కూడా వినిపించింది. "లేదని చెప్పడానికి ఫోను చేశారా?"

"అవునండీ. మీకు లేదు, పక్క ఊరికి ఉంది."

"అయితే పక్క ఊరికి చేసుకోండి."

"వాళ్ళకి ఎలాగూ వెళ్ళిందండీ. మీరు గీతకి పక్కింటివాళ్ళు. అందుకని చెబుతున్నా. పడమటి వైపు ఆకాశం మీద ఓ కన్నేసి ఉంచండి. నల్లబడితే లోపలికి వెళ్ళి తలుపులేసుకోండి. ఉంటానండీ."

పెట్టేసి ఇంకో ఊరికి చేశాడు. రేవులో పడవ నడిపే అతనికి, ఇటుకల బట్టీకి, పూలమొక్కల నర్సరీకి, బస్సు డిపోకి. గీత చుట్టూ ఏ ఊరినీ వదలకుండా, పెళ్ళిలో వడ్డించేవాడు బంతిలో వరసగా వెళ్ళినట్టు వెళ్ళాడు. ఒక ఊళ్ళో పంచాయతీ గుమస్తా, "ఊళ్ళో ఎవరూ లేరండీ, అందరూ బడి మైదానంలో ఆటల పోటీల దగ్గరున్నారు" అని డ్రిల్లు మాస్టారి నంబరు ఇచ్చాడు.

డ్రిల్లు మాస్టారు నోట్లో ఈల తీయకుండానే ఫోను ఎత్తారు. మొదటి మాటే పెద్ద ఈల.

"ఎవరండీ? త్వరగా చెప్పండి, పరుగుపందెం మొదలెట్టాలి."

"మాస్టారూ, వాతావరణం ఆఫీసండీ. మీకు హెచ్చరిక లేదు."

"సంతోషం."

"కానీ గీత మీ ఊరి పక్కనుంచే పోయింది."

"పోతే పోనీండి. మా ఊళ్ళోంచి పోలేదుగా."

"మైదానంలో షామియానాలు వేశారా?"

"వేయకపోతే ఎలా? చుట్టుపక్కల బళ్ళ పిల్లలంతా ఇక్కడే ఉన్నారు."

మా బావ కుర్చీలో ముందుకు జరిగాడు. "దగ్గర్లో గట్టి కట్టడం ఏదైనా ఉందా మాస్టారూ?"

"బడి హాలుంది. ఏం?"

"భోజనాలయ్యాక కాసేపు పిల్లల్ని అందులో కూర్చోబెట్టగలరా?"

"హెచ్చరికిస్తే కూర్చోబెడతాను. ఇవ్వండి."

"ఇవ్వలేనండీ. గీత అరచెయ్యంతే ఉండాలి."

"ఎవరి అరచెయ్యి?"

"మా పెద్దసారిది."

"మీ సారికి దేవుడు ఇంకాస్త పెద్ద చేతులు ఇచ్చి ఉండాల్సింది" అన్నారు మాస్టారు.

"ఓ కన్నేసి ఉంచండి మాస్టారూ, పడమటి వైపు" అని మా బావ ఫోను పెట్టి తల తిప్పాడు. గుమ్మంలో పెద్దసారు నిలబడి ఉన్నారు. తన రెండు చేతుల వంకా ఓసారి చూసుకుని వెనక్కి కట్టుకున్నారు.

"గీత నేను చెప్పినంతే గీశారు. మళ్ళీ ఇదేమిటి?"

"గీత అంతే ఉంది సార్. ముట్టుకోలేదు."

"మరి బయటివాళ్ళకి ఫోన్లెందుకు? పిలవలేదని అలుగుతారా? ఇంత మొహమాటమైతే ఎలాగండీ?"

మా బావ లేచి నిలబడ్డాడు. ఆయన పెద్దసారికి ఎదురు చెప్పడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

"మొహమాటం కాదు సార్. లోపలున్నవాళ్ళు హెచ్చరిక విని జాగ్రత్తపడతారు. దూరంగా ఉన్నవాళ్ళ దాకా మబ్బు రాదు. ఈ అంచునున్నవాళ్ళే సార్, మనం లేదన్నామని ఆకాశం వైపు చూడటం కూడా మానేస్తారు. అసలు మనమేమీ చెప్పకపోతే వాళ్ళే చూసుకునేవాళ్ళు. వాళ్ళకి ఆ నిశ్చింత ఇచ్చింది మన గీతే."

ఇన్నాళ్ళూ ఆఫీసంతా, మా అక్కతో సహా, ఈయనకి నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం అనుకున్నాం. ఆయన భయం నలుగురికీ ఏమవుతుందోనని. ఒక్కసారిగా మా బావ మీద అంత ప్రేమ ముంచుకొచ్చింది, లేచి కౌగిలించుకుందామనిపించింది గానీ, రాడారు వదిలి లేవకూడదు.

పెద్దసారు మాత్రం కరగలేదు. "రేపు పొద్దున్న మాట్లాడదాం. ఆ కాగితాల గది తాళంచెవి నాకు తెచ్చివ్వమనండి" అని వెనుదిరిగారు.

సరిగ్గా అప్పుడే రాడారు మీద నాకు కావలసినంత పని దొరికింది. బాగా బలిసిన మబ్బుకి ఒక చెడ్డ అలవాటుంటుంది. తోటి మబ్బులన్నీ ఒక దారిన పోతుంటే, అది మాత్రం వాటిని వదిలేసి కుడిపక్కకి తిరుగుతుంది.

"బావా! మబ్బు కుడికి తిరిగింది!"

మా బావ వచ్చి నా భుజం మీదుగా చూశాడు. పెద్దసారు రెండో భుజం మీదుగా చూశారు. ఆ మబ్బు తెర మీద ఎర్రటి మచ్చలా గీత వైపు నడుస్తోంది. గీత దగ్గర దానికేమీ మొహమాటం లేకపోయింది. దాటేసింది. దానికి ఎదురుగా ఉన్నది డ్రిల్లు మాస్టారి ఊరు.

"ముందు హెచ్చరిక పంపండి, గీత సంగతి తర్వాత!" అన్నారు పెద్దసారు. ఆయన గొంతు పెంచడం అదే మొదలు. హెచ్చరిక వెళ్ళింది. మా బావ మాస్టారికి ఫోను చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి మోగడం కూడా మానేసింది.

ఎర్రమచ్చ ఊరి మీదికొచ్చి కూర్చుంది. నా తెర మీద అది చూపుడువేలి గోరంత ఉంది. దాని కింద షామియానాలు, వాటి కింద పిల్లలు.

"ఇంకోసారి చేయండి" అన్నారు పెద్దసారు. మా బావ చేశాడు. "ఇటివ్వండి" అని పెద్దసారు తనే తీసుకుని చేశారు. చేస్తూనే ఉన్నారు. మచ్చ మెల్లిగా ఊరు దాటి, పొలాల మీదికి పోయి, పలచబడింది. ఫోను మాత్రం పలకలేదు.

విసిగి పెట్టేసిన మరుక్షణం అదే మోగింది. మా బావ ఒక్క గంతులో అందుకున్నాడు.

"ఎవరండీ ఆ గీత ఆయన?" డ్రిల్లు మాస్టారి గొంతు గదంతా వినిపించింది. "భోజనాలయ్యాక అన్నారు! ఇంకా విస్తళ్ళు వేయకుండానే వచ్చి పడింది! అదేనా మీరు చెప్పే పద్ధతి?"

"మాస్టారూ, పిల్లలు..."

"నన్ను చెప్పనివ్వండి! పడమటి వైపు చూడమన్నారు కదా అని ఊరికే తలెత్తి చూశాను. మా అత్తగారి మొహంలా మాడిపోయి ఉంది ఆకాశం. ఈల ఊది అందర్నీ హాల్లోకి తోలాను. అందరం లోపలికి చేరామో లేదో షామియానాలు లేచి కాలవ అవతల పడ్డాయి. వడగళ్ళండీ, ఒక్కోటి క్రికెట్ బంతంత! గెలిచినవాళ్ళకి ఇవ్వాల్సిన కప్పులన్నీ సొట్టలు. అన్నం గుండిగల్లో ఐసు. ఇంతమంది పిల్లలకి హాల్లో ఒకటే బాత్రూము! మీరెప్పుడైనా పిల్లల్ని చూశారా అసలు?"

మా బావ మొహం వెలిగిపోతోంది. "ఇంకా మాస్టారూ?"

"ఇంకా ఏమిటండీ ఇంకా? తిడుతుంటే నవ్వుతారేం?"

పెద్దసారు ఫోను లాక్కున్నారు. "అయ్యా, పిల్లలందరూ క్షేమమేనా? ఒక్కరికీ దెబ్బ తగల్లేదు కదా?"

"తగిలితే ఈ గోలెవరిదనుకుంటున్నారు? వినండి!" అంటూ మాస్టారు ఫోను హాలు వైపు తిప్పినట్టున్నారు. పిల్లల కేకలకి పెద్దసారు ఫోను చెవికి దూరంగా పట్టుకున్నారు గానీ, పెట్టేయలేదు. అలాగే పట్టుకుని చాలాసేపు విన్నారు. తర్వాత కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"మిగతావాళ్ళ దగ్గర ఏమైంది?" అని అడిగారు కాసేపటికి.

"ఏమీ అయి ఉండదు సార్, మబ్బు అటు పోలేదు. ఇప్పుడు అందరికీ చేసి కనుక్కోవాలి. తిడతారు."

"తిడతారని తెలిసే చేస్తారా?"

"తిట్టేవాళ్ళతో నాకు బెంగ లేదు సార్. ఫోను ఎత్తనివాళ్ళతోనే."

పెద్దసారు లేచి, పటం మీద అరచెయ్యి ఆనించి, గీత వంకా దాని చుట్టూ ఉన్న ఊళ్ళ వంకా చూశారు. "గీత మాత్రం ఇంతే. పెంచితే ఒప్పుకోను."

"అలాగే సార్."

"ఆ కాగితాల గదిలో ఎలుకలున్నాయి. మీరు అక్కడికి పోనక్కర్లేదు" అని, పక్క బల్ల మీదున్న రెండో ఫోను ముందు కూర్చుని స్కేలు పక్కన పెట్టారు. "ఒక నంబరు చెప్పండి."

మా బావ పూలమొక్కల నర్సరీ నంబరు చెప్పాడు. పెద్దసారు గొంతు సవరించుకుని చేశారు. అవతల ఒక ఆడమనిషి గొంతు అందుకుంది. పెద్దసారు రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, బిక్కమొహం వేసుకుని మా బావ వైపు తిరిగారు.

"చినుకు కూడా పడలేదట. మీ మాట విని కుండీలన్నీ లోపలికి మోసిందట. నడుం పట్టేసిందట. తెగ తిడుతోందండీ!"

"అంటే బాగున్నారన్నమాట సార్. చివరిదాకా విని, క్షమించమని చెప్పి పెట్టేయండి."

పెద్దసారు చివరిదాకా విన్నారు. "తప్పేనమ్మా, క్షమించండి" అన్నారు. పెట్టేస్తారనుకున్నాం. పెట్టలేదు. ఇంకాస్త వంగి, గొంతు తగ్గించి, "రేపు కూడా పడమటి వైపు ఓ కన్నేసి ఉంచండమ్మా" అన్నారు.

అవతల ఆవిడ మళ్ళీ మొదటినుంచీ అందుకుంది.